మా వీధి ఎరుపు

ఏడో భాగం

పోయిన వారం మీరు నన్ను సంఘం గది మెట్ల మీద, చంకలో లాప్‌టాప్‌తో నిలబెట్టి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ అక్కడే ఉన్నాను. కాళ్ళు పీకుతున్నాయి కాబట్టి ఇక లోపలికి వెళ్దాం.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను ఈ వీధి సంఘం ప్రెసిడెంటు గారి కోడల్ని. కార్లలో దారి చూపించే పెట్టెలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ప్రతి కారులోని పెట్టె తాను ఎంత వేగంగా పోతోందో మిగతా పెట్టెలకి ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది. ఒక వీధిలో నాలుగైదు పెట్టెలు నత్తనడక నడిస్తే ఆ వీధి అందరి తెరల మీదా ఎర్రబడుతుంది. వెనక వచ్చేవాళ్ళు వేరే దారి చూసుకుంటారు. ఆ ఎరుపు సరిగ్గా పడిందో లేదో చూడటం నా పని.

మొన్నామధ్య మా అత్తగారు టాక్సీలో ఒక్కర్తే బట్టల కొట్టు నుంచి వస్తుంటే పక్షవాతం వచ్చింది. పెద్దాసుపత్రికి మా వీధి అడ్డదారి, దాని వెనక గేటు మా వీధి చివరే. డ్రైవరు మా వీధిలోకి తిప్పకుండా ఫ్లైఓవరు మీదుగా చుట్టూ తీసుకెళ్ళాడు. ఆవిడ బతికింది, మాట పోయింది. కాస్త ముందుగా తెచ్చుంటే మాట దక్కేదని డాక్టరు అన్నాడు. మీటరు పెరగడం కోసమే చుట్టూ తిప్పాడని మామగారు టాక్సీ కంపెనీకి ఫిర్యాదు చేశారు. ఇవాళ ఆయన 'ఊ' అంటే ఆ మనిషి బ్యాడ్జి పోతుంది, మళ్ళీ ఈ జన్మలో టాక్సీ తోలలేడు. ఆ 'ఊ' అనే ముచ్చట నలుగురి ఎదుటా తీర్చుకోవాలనే ఈ ఆదివారం పొద్దున్నే మీటింగు పెట్టారు.

సంఘం గది అంటే ఏదో అనుకునేరు. నీళ్ళ టాంకు కింద మిగిలిపోయిన ఖాళీకి తలుపు పెట్టి, సున్నం కొట్టి, గోడకి ఒక పెద్ద టీవీ బిగించారు. సంఘం సాధించిన ఘనకార్యాల్లో ఆ టీవీ మొదటిది. రెండోది వీధి మొదట్లో నిలబెట్టిన బోర్డు. దాని మీద 'ఇది దారి కాదు' అని రాసుంటుంది. మరేమిటో రాయలేదు. దాన్ని చదవడానికి కార్లు ఆగి, చదివి, నవ్వుకుని, మా వీధిలోంచే పోయేవి.

లోపల ముగ్గురు పెద్దమనుషులు బల్లకి అటువైపు కూర్చున్నారు. మధ్యలో మామగారు. ఒక పక్కన సెక్రటరీ. ఈయన బ్యాంకులో మేనేజరుగా రిటైరై, లోను అడగడానికి వచ్చినవాడిని చూసినట్టే ఇప్పటికీ ప్రతివాడినీ చూస్తాడు. రెండో పక్కన పళ్ళ డాక్టరు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ నోట్లోకి చూస్తాడు. ఇటువైపు, ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో, డ్రైవరు. మధ్యవయసు మనిషి. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. కుర్చీకి ఒక కాలు పొట్టి. కదిలితే చప్పుడవుతుందని కదలడం లేదు. గదిలో మంచి కుర్చీలు చాలా ఉన్నాయి. అతని కోసం దాన్ని వెతికి వేశారన్నమాట.

నేను లోపలికి వెళ్ళేసరికి సెక్రటరీ గారి ప్రశ్నలు జోరుగా నడుస్తున్నాయి.

"చదువుకున్నావా?"

"చదువుకున్నాను సార్."

"చదువుకున్నవాడివి, మనిషి పక్కకి ఒరిగిపోతుంటే దగ్గరి దారి వదిలేసి ఊరంతా తిప్పుతావా?"

"పెట్టెలో మీ వీధి ఎర్రగా ఉంది సార్. మామూలు ఎరుపు కాదు, ముదురు ఎరుపు."

"ఎర్రగా ఉందట!" అన్నాడు పళ్ళ డాక్టరు, అతని నోట్లోకి చూస్తూ. "ఈ వీధిలో ట్రాఫిక్కా? మేం ఇక్కడే ఉంటాం, మాకు తెలీదూ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో చెబుతాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా పళ్ళ డాక్టరు మెళ్ళో ఆ సంచీ వేలాడుతూనే ఉంది.

సంచీల సంగతి చెప్పాలి. బోర్డు పని చెయ్యలేదు కదా. ఒకసారి మామగారి కారు పెట్టె చెడిపోతే బాగుచేయించి, చేత్తో పట్టుకుని, వీధి చివర్నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఆ కాసేపూ మా వీధి తెర మీద కాస్త పసుపెక్కింది. పెట్టెకి పాపం ఒక్కటే నమ్మకం. తనని మోసేది ఏదైనా సరే కారే అనుకుంటుంది. అదేదో పెద్ద శాస్త్రం కనిపెట్టినట్టు మామగారు ఆ రోజంతా ఇంట్లో కాలు నిలవకుండా తిరిగారు. మర్నాటికల్లా వాకింగ్ క్లబ్బు పుట్టింది. ఉదయం, సాయంత్రం, రోడ్లు రద్దీగా ఉండే వేళ చూసుకుని, ఈ పెద్దలందరూ కార్లలోంచి పెట్టెలు పీకి, సంచీల్లో పెట్టి మెడలో వేసుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తాపీగా నడుస్తారు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'డ్యూటీ'. తెర మీద మా వీధి నిండా కార్లు ఇరుక్కుపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఉన్నది షుగరు తగ్గించుకుంటున్న కొందరు ముసలాళ్ళు. వీధిలో ఒక్క హారను మోగదు. ఆ నిశ్శబ్దాన్ని చూసి ఒకళ్ళ వీపు ఒకళ్ళు తట్టుకుంటారు. ఆ కార్లన్నీ ఎవరి వీధిలో పడి ఏడుస్తున్నాయో వీళ్ళకి అక్కర్లేదు.

ఆ సంచీలు కుట్టింది మా అత్తగారే. పాత కర్టెన్ గుడ్డ చింపి, లాగితే మూతపడేలా తాడు పెట్టి, ఒక్కోటీ కుట్టి ఇచ్చింది. "పెద్దవాళ్ళయ్యాక ఆడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదే," అంది నాతో, దారం తెంపుతూ.

అత్తగారు పడిపోయిన సాయంత్రం డ్యూటీ లేదని క్లబ్బు మొత్తం ముక్తకంఠంతో చెప్పింది. వీళ్ళు అందరూ కలిసి ఒక మాట మీదికి వచ్చారంటేనే నాకు అనుమానం వచ్చింది. అందుకే లాప్‌టాప్ తెచ్చాను.

"అమ్మాయ్, నువ్విక్కడికెందుకు?" అన్నారు మామగారు. "ఇది సంఘం వ్యవహారం."

"మా ఆఫీసు వ్యవహారం కూడా మామయ్యగారూ. ఎరుపు గురించి మాట్లాడుతున్నారట కదా," అని టీవీకి తీగ తగిలించాను.

ఎవరూ వద్దనే లోపు ఆ సాయంత్రం మా వీధి టీవీ నిండా పరుచుకుంది. మా సెక్షన్ తెర మీద కార్లు చుక్కల్లా కనిపిస్తాయి. చుక్కకి పేరుండదు, అంకె ఉంటుంది. ఎవరి పెట్టె ఏదన్నది మాకూ తెలీదు. మెయిన్ రోడ్డు మీద చుక్కలు చకచకా పోతున్నాయి. మా వీధిలో మాత్రం కొన్ని చుక్కలు, గుంపుగా, పాకుతున్నాయి. వీధి చివరికి వెళ్ళాయి. వెనక్కి తిరిగాయి. మళ్ళీ వెళ్ళాయి. చూస్తుండగానే వీధి పసుపై, నారింజై, ముదురు ఎరుపెక్కింది.

"ఇదేం ట్రాఫిక్కండీ సెక్రటరీ గారూ?" అన్నాను. "కార్లన్నీ వీధి చివరిదాకా వెళ్ళి, అన్నీ ఒకేసారి వెనక్కి తిరిగి వస్తున్నాయి. అవిగో, మీ ఇంటి ముందు ఆగాయి. నీళ్ళు తాగడానికా?"

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "ఇవి మేమేనని రుజువేంటి?"

"రుజువా?" అని ఒక మీట నొక్కాను. టీవీలో ఆ సాయంత్రం పోయి, ఈ క్షణం వచ్చింది. వీధంతా ఖాళీ. నీళ్ళ టాంకు ఉన్నచోట మాత్రం రెండు చుక్కలు, కదలకుండా, పక్కపక్కనే. "ఇప్పుడు సంఘం గదిలో ట్రాఫిక్ జామ్ అయింది చూడండి. రెండు కార్లు బల్ల ముందు ఇరుక్కుపోయాయి."

పళ్ళ డాక్టరు చెయ్యి దానంతట అదే మెళ్ళో సంచీ మీదికి పోయింది. సెక్రటరీ తన సంచీని చొక్కా లోపలికి తోసుకున్నాడు. డ్యూటీ నుంచి తిన్నగా మీటింగుకి వచ్చేశారు మహానుభావులు. మామగారి మెడ మాత్రం బోసిగా ఉంది. ఆయన సంచీ ఎక్కడో పారేసుకున్నానని ఇంట్లో చాలాసార్లు చెప్పారు. ఎవరూ అడక్కపోయినా చెప్పేవారు.

వాళ్ళని ఊపిరి తిప్పుకోనివ్వకుండా మళ్ళీ ఆ సాయంత్రమే పెట్టాను. ఫ్లైఓవరు చూపించాను. ఆ వేళకి అది కూడా ఎర్రగానే ఉంది. మా వీధి మూసుకుపోయిందనుకుని, వచ్చిన ప్రతి కారూ అక్కడికే పోయింది మరి. ఆ ఎరుపులో ఒక చుక్క కింద నా వేలు పెట్టాను.

"ఇది ఈయన టాక్సీ, అంకె టాక్సీ కంపెనీ వాళ్ళే ఇచ్చారు. ఇందులో అత్తయ్య ఉంది. ముందూ వెనకా ఉన్న కార్లన్నీ మీరు పంపించినవే. వీటిలో ఏది దొంగ ఎరుపో, ఏది నిజం ఎరుపో ఇప్పుడు మీరే చెప్పండి."

నాకు హాయిగా ఉంది, దాచుకోవడం దేనికి? ఈ ముగ్గురూ ఇలా నోళ్ళు మూసుకుని కూర్చోవడం చూడాలని నాకు పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ కోరిక. ఆ హాయిలో ఒక చిన్న సంగతి కంటపడినా పట్టించుకోలేదు. గుంపులో ముందున్న చుక్క మిగతావాటిలా లేదు. హుషారుగా ముందుకు పోతోంది, వెనకవాళ్ళు అందుకునేదాకా ఆగుతోంది, మళ్ళీ పోతోంది.

ముందు తేరుకున్నది పళ్ళ డాక్టరు. "నడవడం నేరమా?" అన్నాడు. "మా వీధిలో మేం నడుచుకుంటాం. మెళ్ళో ఏం వేసుకుంటామన్నది మా ఇష్టం. పెట్టెకి మనిషికీ కారుకీ తేడా తెలీకపోతే అది మీ కంపెనీ తప్పు!"

"తప్పే. రేపు ఆఫీసులో ఆ మాటే చెబుతాను. ఏ వీధిలో ఎవరు ఎందుకు నడుస్తున్నారో కూడా చెబుతాను."

"అమ్మాయ్!" అన్నారు మామగారు.

అప్పుడు డ్రైవరు లేచాడు. కుర్చీ టక్కుమంది.

"మేడమ్, ఒక మాట. మీరు నా వైపు మాట్లాడారు, సంతోషం. కానీ తప్పు నాది కూడా. ఇన్నాళ్ళూ చెప్పలేదు, చెబితే పిచ్చివాడంటారని." టోపీని రెండు చేతుల్లో నలుపుతున్నాడు. "అమ్మగారు నాకు చెప్పారు మేడమ్. ఈ వీధి మలుపు దగ్గరికి రాగానే ముందు సీటు పట్టుకుని 'కుడి, కుడి' అన్నారు. పెట్టె చూపించాను. ఎర్రగా ఉందమ్మా, లోపలికి వెళ్తే ఇరుక్కుపోతాం అన్నాను. అప్పటికే మాట ముద్దగా వస్తోంది. అయినా చెప్పారు, రెండుసార్లు చెప్పారు."

"ఏమని?" అన్నాను.

"'ఆ ఎరుపు అబద్ధం బాబూ, అది మావాడు' అన్నారు."

పళ్ళ డాక్టరు కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాడు.

"జబ్బు తలకెక్కి ఏదో మాట్లాడుతున్నారనుకున్నాను," అన్నాడు డ్రైవరు. "ఎరుపేమిటి, మావాడేమిటి? మనిషి మాట కాదని పెట్టె మాట విన్నాను. ఇప్పుడు ఈ టీవీలో చూశాక అర్థమైంది. ఆవిడ సరిగ్గానే చెప్పారు. నేనే వినలేదు. బ్యాడ్జి తీసుకోండి సార్, కానీ మీటరు కోసం తిప్పానని మాత్రం అనకండి. ఆ మాట మోయలేను."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. తెర మీద అన్నీ చూడగలిగే ఉద్యోగం చేస్తున్నాను గానీ, ఆ ముద్ద మాట నాకు ఏ తెర మీదా కనిపించలేదు. వీధి మలుపులో, టాక్సీలో కూర్చుని, నోరు పడిపోతున్న వేళ, తన మొగుడి చిలిపి ఆట తన ప్రాణం మీదికి వచ్చిందని ఆ మహాతల్లికి తెలుసు. తెలిసీ ఏమీ చెయ్యలేకపోయింది.

సరిగ్గా అప్పుడు మామగారు ఒక పని చేశారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన చెయ్యగా ఒక్కసారైనా చూడని పని.

"అవును, నేనే," అన్నారు. "ఆ రోజు డ్యూటీ ఉంది. ముందు నడిచింది నేనే. మా ఆవిడ నా గురించే చెప్పింది. ఇతని తప్పేం లేదు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఏమోయ్, నువ్విక వెళ్ళు. మీటింగు అయిపోయింది."

సెక్రటరీ నోరు తెరిచాడు. పళ్ళ డాక్టరు అలవాటుగా అందులోకి చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తల దించుకున్నారు.

డ్రైవరు చేతులు జోడించాడు. నేను గెలిచానన్నమాట. గెలిచినదాన్ని తీగ పీకేసి, లాప్‌టాప్ మడిచి ఇంటికి పోవాలి. కానీ నా చేతులు కదల్లేదు.

మామగారి సంగతి నాకు తెలుసు. ఈయన ఇంట్లో గడియారం ఆగిపోతే టైమే తప్పంటారు. కారు వెనక్కి తీస్తూ గేటుని గుద్దేసి, గేటు అక్కడెందుకుందని మా అందరినీ చెడామడా తిట్టారు. అలాంటి మనిషి, బయటివాడి ముందు, అడిగీ అడక్కముందే 'నేనే' అన్నాడా? అంత తొందరేమిటి?

ఆ పైన, ఆ మాట. అత్తగారు మామగారిని ఎప్పుడూ 'ఆయన' అనే అంటుంది. కోపం వస్తే 'మీ మామగారు' అంటుంది. మరీ ఒళ్ళు మండితే 'ప్రెసిడెంటు గారు' అంటుంది. కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని 'మావాడు' అనే ఆడది మా ఇంట్లో లేదు, మీ ఇంట్లోనూ ఉండదు. మా ఇంట్లో 'మావాడు' అంటే ఒక్కడే. మావాడు అన్నం తిన్నాడా, మావాడికి జలుబు చేసింది, మావాణ్ణి త్వరగా రమ్మను.

టీవీ వైపు తిరిగాను. ఆ సాయంత్రం ఇంకా నడుస్తోంది. ముందున్న చుక్క హుషారుగా పోతోంది, ఆగి వెనకవాళ్ళ కోసం ఎదురు చూస్తోంది. మామగారు ఇందాక ఈ గది మెట్లు ఎక్కడానికి కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ నిట్టూర్చారు. క్లబ్బులో అందరికన్నా వెనక నడిచేది ఈయనే.

"మామయ్యగారూ, ఆ వారమంతా మీకు మోకాలు వాచి మంచం దిగలేదు కదా?"

ఆయన ఆ మోకాలిని బల్ల కిందికి లాక్కున్నారు.

"నేనే కాపడం పెట్టాను. ముందు నడిచింది మీరెలా అవుతారు?"

"లాప్‌టాప్ మూసెయ్ అమ్మాయ్," అన్నారు. ఆ గొంతులో ప్రెసిడెంటు లేడు. బతిమాలుతున్న ముసలాయన ఉన్నాడు.

మా ఆయన ఆ సాయంత్రం ఆఫీసు మీటింగులో ఉన్నానన్నాడు. ఫోన్ ఎత్తలేదు. ఆసుపత్రికి నాకన్నా ముందే వచ్చాడు, కాళ్ళకి కాన్వాసు బూట్లతో. ఆఫీసు నుంచి కాన్వాసు బూట్లతో ఎవరొస్తారు? నేను అడగలేదు. ఈ వాకింగ్ క్లబ్బుని చూసి రోజూ భోజనాల దగ్గర నాతో కలిసి నవ్వినవాడు, నాకన్నా నాలుగు మాటలు ఎక్కువే అని నవ్వినవాడు, నాన్న అడిగితే, ఆయన పారేసుకున్నానన్న సంచీ మెళ్ళో వేసుకుని ముందు నడిచాడా? నడిచినవాడు, ఒక మనిషి బతుకు తెరువు పోతుంటే నోరు మూసుకుని కూర్చున్నాడా? ఇన్నాళ్ళుగా తల్లి మంచం పక్కనుంచి లేవట్లేదని, ఎంత ప్రేమో అని నేను మురిసిపోతున్నాను. ఆవిడకి మాట వస్తే ముందు తన చెవినే పడాలని కూర్చున్నాడని నాకేం తెలుసు! ఈ ముగ్గురు ముసలాళ్ళ మీద ఇన్నాళ్ళూ ఒలకబోసిన అసహ్యమంతా తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను?

ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సు.

"మీ అత్తగారికి మాట వచ్చిందమ్మా!" ఆవిడ సంతోషంతో అరుస్తోంది. "ఒకటే మాట. పొద్దుట్నుంచీ 'కుడి, కుడి' అంటున్నారు. ఎందుకంటున్నారో మాకు తెలీట్లేదు. మీ వారినడిగితే ఆయన మొహం పాలిపోయింది. చెప్పకుండా లేచి వెళ్ళిపోయారు. ఇంటికి గానీ వచ్చారా?"

"ఇంకా రాలేదు," అన్నాను.

ఫోన్ పెట్టేసి, మీట నొక్కాను. టీవీలో ఈ క్షణం వచ్చింది. నీళ్ళ టాంకు దగ్గర ఆ రెండు చుక్కలూ అలాగే ఉన్నాయి. ఆసుపత్రి వెనక గేటు దగ్గర మూడో చుక్క వెలిగింది. దాని అంకె చదివాను. ముందు నడిచిన చుక్క అంకె. ఆ సాయంత్రం ఆరిపోయాక మళ్ళీ వెలగనిది. నేను ఎరుపు చూసే మనిషినని తెలిసి కూడా ఎవరో దాన్ని ఇప్పుడు వెలిగించారు.

మామగారు కుర్చీలోంచి లేవబోయి, మోకాలు సహకరించక, బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "వాణ్ణేమీ అనకు," అన్నారు.

చుక్క గేటు దాటింది. కాసేపు ఆగింది. తర్వాత కుడివైపుకి, మా వీధిలోకి తిరిగింది.